తెల్ల చొక్కా, చామనఛాయ

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో టీవీ కెమెరాకి ఉన్న అతి పెద్ద శత్రువు ఎవరో తెలుసా? తెల్ల చొక్కా. జోక్ కాదు. రాత్రి ఏదో ఒక ఛానెల్లో డిబేట్ పెట్టి చూడండి. నలుగురు కూర్చుంటే ముగ్గురు ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాల్లో ఉంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరిదైనా చామనఛాయో, అంతకంటే ముదురు రంగో అయ్యుంటుంది. ఒకే లైటు కింద, జానెడు దూరంలో, మెరిసిపోయే కాలరూ దాని పైన నల్లటి మెడా. కెమెరా ఈ రెండింటిలో దేనికి న్యాయం చెయ్యాలి?

ఐరిస్‌ని ఆటోలో పెట్టి వదిలేస్తే కెమెరా ఏం చేస్తుందో చెప్తాను. ఐరిస్ అంటే లెన్స్‌లో ఉండే కంటిపాప అనుకోండి, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆటోలో అది మొత్తం ఫ్రేములో వెలుతురు సగటు ఎంతో చూస్తుంది. చొక్కా తెల్లగా, ఫ్రేములో పెద్దగా ఉంది కాబట్టి ‘అమ్మో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని మూసుకుంటుంది. చొక్కా చక్కగా వస్తుంది, మడతలతో సహా. మనిషి ముఖం మాత్రం చీకట్లోకి వెళ్ళిపోతుంది. పాపం దాని తప్పేం లేదు, దానికి ఇచ్చిన పని సగటు తీయడమే. ముఖం ఏదో, చొక్కా ఏదో దానికి ఎవరూ చెప్పలేదు.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, ఈ వేసవి సెలవుల్లో ఆరు వారాలు విజయవాడలో ఒక స్టూడియోలో ఉన్నాను. మా క్లాసులో సగం మంది వెబ్ డెవలప్‌మెంట్ ఇంటర్న్‌షిప్ అని ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకుంటుంటే, నేను మా పిన్ని వాళ్ళింట్లో ఉండి రోజూ బాబాయ్ బండి వెనక ఎక్కి ఛానెల్‌కి వెళ్ళేదాన్ని. బాబాయ్ అక్కడ కెమెరామన్. ఛానెల్ పేరు చెప్పను, ఆయన ఉద్యోగం ఇంకా అక్కడే.

స్టూడియో కెమెరా గురించి నన్ను మొదట ఆశ్చర్యపరిచిన విషయం, మేము వాడిన వాటికి రికార్డ్ బటన్‌తో పనే లేదు. కెమెరా బొమ్మని తీసి కేబుల్‌లో పంపిస్తుంది, అంతే. వేలెడు లావు కేబుల్. అందులోనే బొమ్మ వెళ్తుంది, కరెంటు వస్తుంది, టాక్‌బ్యాక్ మాటలు అటూ ఇటూ తిరుగుతాయి, ఆన్ ఎయిర్‌లో ఉన్న బొమ్మ వెనక్కి వచ్చి వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది. కేబుల్ రెండో చివర సీసీయూ అనే డబ్బా ఉంటుంది, కెమెరా కంట్రోల్ యూనిట్. అది వేరే గదిలో, ఏసీలో, ఒక ఇంజనీర్ గారి ముందు ఉంటుంది.

రెండో ఆశ్చర్యం, కెమెరామన్ చేతిలో వెలుతురూ రంగూ ఉండవు! ఫ్రేము, ఫోకస్, జూమ్, ఇవే ఆయనవి. కుడి హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే జూమ్, ఎడమ హ్యాండిల్ దగ్గర తిప్పే ఫోకస్. ‘టైట్‌కి రా’, ‘లూజ్ ఇవ్వు’, ‘హెడ్‌రూమ్ తగ్గించు’ అని చెవిలో డైరెక్టర్ గొంతు వినిపిస్తుంటే ఆయన చేతులు వాటంతట అవే కదులుతుంటాయి. కానీ బొమ్మ ఎంత వెలుగ్గా ఉండాలి, తెలుపు ఎంత తెలుపు, నలుపు ఎంత నలుపు అన్నది లోపలి గదిలో ఇంజనీర్ గారు నిర్ణయిస్తారు. ఆయన ముందు ఒక్కో కెమెరాకి ఒక్కో చిన్న ప్యానెల్. దాని మీద జాయ్‌స్టిక్ లాంటి పిడి. ముందుకీ వెనక్కీ తోస్తే ఐరిస్, పిడి చుట్టూ రింగు తిప్పితే బ్లాక్. మన భాషలో చెప్పాలంటే బాబాయ్ ఫ్రంటెండ్, ఇంజనీర్ గారు బ్యాకెండ్. ఈ పోలిక ఆయనకి చెప్తే, ‘మరి జీతం ఎవరికి ఎక్కువమ్మా?’ అని అడిగారు.

రోజూ పొద్దున్న లైనప్ చేస్తారు. మూడు కెమెరాల్నీ ఒకే చార్ట్ వైపు తిప్పుతారు. చార్ట్ మీద బూడిద రంగు మెట్లు రెండు వరసల్లో ఉంటాయి, ఒక వరస ఎడమ నుంచి కుడికి తెల్లబడుతూ, ఇంకోటి నల్లబడుతూ. వేవ్‌ఫార్మ్ మానిటర్‌లో చూస్తే అది ఇంటూ గుర్తులా కనిపిస్తుంది. మూడు కెమెరాల ఇంటూ గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడాలి. అంతకంటే ముందు బ్లాక్ బ్యాలెన్స్ చేస్తారు, ఐరిస్ దానంతట అదే మూసుకుని కెమెరా ‘ఇదీ చీకటంటే’ అని నేర్చుకుంటుంది. తర్వాత వైట్ బ్యాలెన్స్. మన కన్ను పసుపు బల్బు కింద కూడా తెల్ల కాగితాన్ని తెల్లగానే చూస్తుంది, కెమెరాకి ఆ తెలివి లేదు. అందుకని తెల్ల కార్డు చూపించి ‘ఇదీ తెలుపంటే’ అని చెప్పాలి. కార్డు ఎక్కడ పట్టుకోవాలన్నదే అసలు కిటుకు. కెమెరా దగ్గర కాదు, గెస్టు ముఖం ఎక్కడ ఉంటుందో అక్కడ, ముఖం మీద పడే లైటే కార్డు మీద పడేలా.

కొన్ని విషయాలు మాత్రం మన సిలబస్ వాళ్ళకి వెంటనే నచ్చుతాయి. ఐరిస్ మీద అంకెలుంటాయి, 1.4, 2, 2.8, 4, 5.6, 8. మొదటిసారి చూస్తే తలాతోకా లేని అంకెల్లా ఉంటాయి. నిజానికి రూట్ 2తో గుణిస్తూ పోవడమే. కంటిపాప వ్యాసం రూట్ 2 వంతు తగ్గితే వైశాల్యం సగమవుతుంది, వెలుతురు సగమవుతుంది. దాన్నే ఒక స్టాప్ అంటారు. గెయిన్ 6 డీబీ పెంచితే సిగ్నల్ రెట్టింపు. కానీ అది లైటు పెంచడం కాదు, వచ్చిన సిగ్నల్‌ని గుణించడం. నాయిస్ కూడా దానితోపాటే పెరిగి ముఖం మీద చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. ఇంకోటి. హాస్టల్ ట్యూబ్‌లైటు కింద వీడియో తీస్తే అప్పుడప్పుడు చారలు పాకుతాయి కదా? మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది, ఫోనేమో సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. లెక్క కుదరదు. స్టూడియోలో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒక వంతు, లెక్క కుదిరిపోతుంది. మీ ఫోన్ కెమెరా యాప్‌లో షట్టర్ మార్చే వీలుంటే 50లో ఒక వంతో, 100లో ఒక వంతో పెట్టి చూడండి.

సరే, ముఖాల దగ్గరికి వస్తాను. అసలు రాయాలనుకున్నది దాని గురించే.

వ్యూఫైండర్‌లో జీబ్రా అని ఒక సౌకర్యం ఉంటుంది. బొమ్మలో ఏ భాగం మనం పెట్టిన స్థాయికి చేరిందో ఆ భాగం మీద ఏటవాలు చారలు వస్తాయి. ట్రైనింగ్ నోట్సుల్లో ఎక్కువగా కనిపించే మాట ఏమిటంటే, జీబ్రాని 70 శాతం దగ్గర పెట్టుకో, ముఖంలో బాగా వెలిగే చోట, అంటే నుదుటి మీదా బుగ్గ మీదా చారలు కనిపించేదాకా ఐరిస్ తెరువు, ఎక్స్‌పోజర్ కరెక్ట్ అయినట్టే. చదవడానికి ఎంత సైంటిఫిక్‌గా ఉందో! నేను నోట్స్‌లో రాసుకున్నాను కూడా. బాబాయ్ అది చూసి, ‘70 ఎవరి బుగ్గకే అమ్మలూ?’ అన్నాడు.

తెల్లటి బుగ్గకి. నా బుగ్గకి కాదు. నా ముఖాన్ని 70కి లాగాలంటే ఐరిస్ దాదాపు ఒక స్టాప్ ఎక్కువ తెరవాలి. అప్పుడు వెనకున్న గోడ వెలిసిపోతుంది, చున్నీ మీద పువ్వులు మాయమవుతాయి, నేను బూడిద పూసుకున్నట్టుంటాను. అంకె కరెక్ట్, మనిషి తప్పు.

మాన్యువల్ రాసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. వాళ్ళ ఎదురుగా కూర్చున్న ముఖాన్ని బట్టి వాళ్ళు రాశారు. ఇలాంటిదే పాత కథ ఒకటుంది. ఫిల్ము రోజుల్లో ఫొటో ల్యాబుల్లో రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోవడానికి కోడాక్ ఒక అమ్మాయి ఫొటో ఉన్న కార్డు పంపించేది. మొదట ఆ కార్డులో ఉన్నావిడ పేరు షర్లీ, తర్వాత మోడల్స్ మారినా దాని పేరు షర్లీ కార్డుగానే ఉండిపోయింది. దశాబ్దాల పాటు ఆ కార్డులన్నిట్లో తెల్ల అమ్మాయిలే. ఆమె రంగు బాగా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టు లెక్క. ముదురు రంగు చర్మం మట్టిముద్దలా వస్తోందని జనం అనుకున్నప్పుడు కదలని ఫిల్ము, చెక్క ఫర్నిచర్ వాళ్ళూ చాక్లెట్ వాళ్ళూ తమ గోధుమ రంగులు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాక కదిలిందట. ఇది ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పిన విషయం. రకరకాల రంగుల మనుషులున్న కార్డు 1990లలో గానీ రాలేదు. మనం డీఫాల్ట్ వాల్యూ అంటాం కదా, ఎవరో ఎప్పుడో ఒక మనిషిని ముందు కూర్చోబెట్టుకుని టైప్ చేసిన అంకె అది.

మా స్టూడియోలో కూడా అలాంటి డీఫాల్ట్ ఉండేది. కెమెరా సెట్టింగులన్నీ కలిపి సీన్ ఫైల్ అని సేవ్ చేస్తారు, మన కాన్ఫిగ్ ఫైల్ లాంటిది. పొద్దున్న దాన్ని లోడ్ చేసి మొదలుపెడతారు. ఉదయం ప్రోగ్రామ్ సీన్ ఫైల్ ఒక యాంకర్ గారి ముఖం మీద సెట్ చేసింది. ఆవిడ తెలుపు, పైగా మేకప్. ఆవిడ బ్రహ్మాండంగా కనిపించేవారు. గెస్టులు మాత్రం ఎప్పుడూ ఏదో జ్వరం వచ్చి లేచినట్టు ఉండేవారు. నేను వెళ్ళిన రెండో వారంలో ఒకరోజు ఇంజనీర్ గారు టాక్‌బ్యాక్‌లో, ‘ఆ అమ్మాయిని గెస్టు కుర్చీలో కూర్చోమనండి ఒకసారి’ అన్నారు. కూర్చున్నాను. ఒక తెల్ల చొక్కా తెచ్చి నా భుజాల మీద కప్పారు. ఐరిస్‌ని మాన్యువల్‌లో నా ముఖానికి పెట్టి, చొక్కా సంగతి నీ అనే సెట్టింగ్‌కి అప్పజెప్పారు.

నీ అంటే ఇంగ్లీషులో మోకాలు. గ్రాఫ్ గీస్తే నిజంగా మోకాలిలాగే ఉంటుంది. వెలుతురు ఒక స్థాయి వరకూ ఎంత వస్తే అంత, మామూలు గీత. 85 శాతం దగ్గరో ఇంకెక్కడో మనం పెట్టిన చోట గీత వంగి, వాలు తగ్గిపోతుంది. ఆ పైన ఎంత వెలుతురు వచ్చినా కొంచెం కొంచెమే పైకెక్కనిస్తుంది. కోడ్‌లో రాస్తే ఒక ఇఫ్, ఒక ఎల్స్. ముఖమంతా మోకాలి కింద, చొక్కా మోకాలి పైన. రెండూ బతికాయి. కొత్త సీన్ ఫైల్‌గా సేవ్ చేశారు, దాని పేరు ‘గెస్ట్’.

ఆ కుర్చీలో కూర్చుని ఎదురుగా మానిటర్‌లో నన్ను నేను చూసుకున్న సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. మా ఇంట్లో నన్ను ‘కలర్ తక్కువ గానీ కళ గల పిల్ల’ అంటారు. ఎండలో తిరగకే అని అమ్మమ్మ, నలుగు పెట్టుకోవే అని అత్తలు, అందరూ ప్రేమగానే. నా ఫోన్ కూడా ప్రేమగానే నన్ను రెండు షేడ్లు తెల్లగా చేస్తుంది, దాని బ్యూటీ మోడ్ కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంది. గ్రూప్ ఫొటోల్లో నేను ఒక రంగు, అద్దంలో ఇంకో రంగు. ఆ మానిటర్‌లో మాత్రం అద్దంలో ఉండే నేనే ఉన్నాను, నల్లగా, స్పష్టంగా. కణత దగ్గర చిన్నప్పటి గాటు కూడా తెలుస్తోంది. అందంగా ఉన్నానా అంటే అది వేరే సంగతి. సరిగ్గా ఉన్నాను.

ఇంజనీర్ గారికి అదేం పట్టలేదు, ఆయన వెక్టర్‌స్కోప్ చూసుకుంటున్నారు. అది గుండ్రటి తెర, బొమ్మలో ఏ రంగు ఎంత ఉందో చుక్కలుగా చూపిస్తుంది. వెలుతురు సంగతి దానికి పట్టదు, రంగే. అందులో ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒక గీత ఉంటుంది, స్కిన్ టోన్ లైన్ అంటారు. కెమెరా సరిగ్గా సెట్ అయి ఉంటే మనిషి ముఖం చుక్కలు ఆ గీత దగ్గరే పడాలి. ఏ మనిషిదైనా. యాంకర్ గారిని పక్కన కూర్చోబెట్టి చూపించారు. ఆవిడ చుక్కలూ నా చుక్కలూ ఇంచుమించు ఒకే గీత మీద, పొడవులో కొంచెం తేడా. చర్మం రంగులోని ఆ ఎరుపూ పసుపూ అందరికీ దాదాపు ఒకేలా ఉంటాయట, మారేది ఎక్కువగా వెలుతురే. మా అత్తలకి ఈ స్కోప్ కొనిపెట్టాలి.

నాలుగో వారంలో మహిళల ప్రోగ్రామ్‌కి గుంటూరు వైపు మిర్చి తోటల్లో పనిచేసే ఒకావిడ వచ్చారు. చిలకాకుపచ్చ చీర, లేత జరీ అంచు. బాగా ముదురు రంగు. పక్కన యాంకర్ గారు. రికార్డింగ్ మొదలైన రెండు నిమిషాలకే పీసీఆర్ నుంచి గొంతు, ‘కెమెరా టూ, ఆవిడ డల్‌గా ఉంది, ఓపెన్ చెయ్యండి.’ ఇంజనీర్ గారు అర స్టాప్ తెరిచారు. ముఖం పాలిపోయింది, అంచు తెల్లగా కాలిపోయింది. మళ్ళీ మూసేశారు. ‘ఓపెన్ చెయ్యమన్నాను కదా’ అని గొంతు. ఈయన టాక్‌బ్యాక్ బటన్ నొక్కి, ‘ఆవిడ డల్‌గా లేరు సార్. లైటు డల్‌గా ఉంది. కీ లైటంతా యాంకర్ గారి వైపుంది’ అన్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. హెడ్‌సెట్‌లో ఏసీ హోరు ఒకటే వినిపిస్తోంది. తర్వాత ‘బ్రేక్ తీసుకుందాం’ అన్నారు.

బాబాయ్, లైట్‌మన్ అన్న కలిసి ఒక పెద్ద సాఫ్ట్ ప్యానెల్‌ని ఆవిడ కుడివైపుకి, బాగా దగ్గరికి జరిపారు. ఇక్కడ బాబాయ్ నాతో అన్న మాట ఏ మాన్యువల్‌లోనూ చూడలేదు నేను. ‘నల్లటి ముఖానికి లైటు ఎక్కువ కాదమ్మలూ, పెద్దది కావాలి.’ తెల్లటి చర్మం పడిన వెలుతురుని అన్ని వైపులా చెదరగొడుతుంది కాబట్టి ఎదురుగా లైటు పెట్టినా సరిపోతుంది. ముదురు చర్మం మీద ఆకారం తెలిసేది మెరుపుతో. వెడల్పాటి వెలుతురు పక్కనుంచి వస్తే ఆ మెరుపు దవడ మీదా చెంప మీదా నున్నగా పాకుతుంది, చిన్న లైటు అయితే నుదుటి మీద చుక్కలా పొడుచుకొస్తుంది. ఐరిస్ ముట్టుకోలేదు. ఆవిడ ముఖం దానంతట అదే తేరుకుంది.

ఈలోగా మేకప్ ఆవిడ పౌడర్ పట్టుకుని వచ్చింది. అదీ లోపలి నుంచి వచ్చిన ఆర్డరే, రెండు షేడ్లు తక్కువది. చేతులూ మెడా ఒక రంగు, ముఖం ఒక రంగు అయ్యేది. గెస్టు ఆవిడే వద్దన్నారు. పెద్ద కారణమేం చెప్పలేదు, ‘వద్దమ్మా, చెమటకి కారిపోద్ది’ అన్నారు. తర్వాత ఇరవై నిమిషాలు కూలి రేట్ల గురించీ, మిరపకాయలు కోసిన రోజు రాత్రి చేతుల మంట గురించీ మాట్లాడారు. బాబాయ్ డైరెక్టర్ అడక్కుండానే మెల్లగా ఆవిడ చేతుల మీదికి టైట్‌కి వెళ్ళాడు. టాలీ లైటు ఎర్రగా వెలిగింది.

టీవీలో బాగానే వచ్చింది, నేనూ పిన్నీ చూశాం. వారం తర్వాత అదే ప్రోగ్రామ్ నుంచి ఒక ముక్క ఆన్‌లైన్‌లో పెట్టారు. ఎడిటింగ్‌లో ఎవరో మొత్తం బ్రైట్‌నెస్ లేపేశారు. జరీ అంచు లేదు, చెంప మీద మెరుపు లేదు, ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇంజనీర్ గారికి చూపిస్తే ఫోన్ తిరిగి ఇచ్చేసి, ‘నా కేబుల్ అక్కడిదాకా లేదమ్మా’ అన్నారు. కోపంగా కూడా అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కోపంగానే ఉంది. ఒక స్లైడర్‌ని లాగడానికి అర సెకను చాలు. అది లాగినవాళ్ళకి బ్రేకులో ప్యానెల్ మోసిన సంగతి తెలియదు.

ఇక మన కాలేజీ సంగతి. మూడో అంతస్తులో లెక్చర్ రికార్డింగ్ రూమ్ ఉంది కదా, అక్కడి కెమెరా ఫుల్ ఆటోలో ఉంటుంది. మీరు చూసిన లెక్చర్ వీడియోల్లో సార్ల ముఖాలు ఎందుకు కనిపించవో ఇప్పటికి మీకు అర్థమై ఉండాలి. వెనక ఉన్న వైట్‌బోర్డు, అదే తెల్ల చొక్కా, పన్నెండు అడుగుల సైజులో! ఐరిస్ మాన్యువల్‌లోకి మార్చి, నీ సెట్ చేసి, రెండు మూడు సీన్ ఫైళ్ళు సేవ్ చేసుకుంటామని ల్యాబ్ ఇన్‌చార్జ్ మేడమ్‌ని అడిగాను. శనివారం మధ్యాహ్నం తాళం ఇస్తామన్నారు, ఏదైనా పాడైతే మీదే బాధ్యత అని కూడా అన్నారు.

కాబట్టి శనివారం రెండింటికి ఎవరైనా రావచ్చు. కెమెరా తెలియకపోయినా పర్లేదు, ఎదురుగా నిలబడటానికి మనుషులు కావాలి. తెల్లగా ఉన్నవాళ్ళు ఒకరిద్దరు చాలు, నా రంగు వాళ్ళూ, నాకంటే ముదురు వాళ్ళూ ఎక్కువమంది రండి. అబ్బాయిలు తెల్ల చొక్కాలు వేసుకుని రండి. ఇస్త్రీ చేసినవి.